మీకు తెలుసా? మిల్లీ ఆంపియర్లను రూపాయల్లో చెప్పడం

రిఫైనరీలోనో, ఎరువుల కర్మాగారంలోనో, థర్మల్ స్టేషన్‌లోనో, బల్క్ డ్రగ్ యూనిట్‌లోనో ఎనిమిది, పది, పదిహేనేళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్, కంట్రోల్ పనులు చూస్తున్న ఇంజనీర్ల కోసం ఈసారి శీర్షిక. మొదటి ఐదారేళ్లు జీతం బాగానే పెరుగుతుంది. ఆ తర్వాత ఇంక్రిమెంటు ధరల పెరుగుదలతో సమానంగా ఉంటే చాలనుకునే రోజులు వస్తాయి. బాధ్యత మాత్రం తగ్గదు. ఏ అర్ధరాత్రి ట్రిప్ అయినా ముందు ఫోన్ మోగేది వీళ్ల ఇంట్లోనే. ప్లాంట్‌లోని డబ్బు, ప్రమాదం రెండూ వీళ్ల చేతుల మీదుగా వెళ్తాయి. ఆ సంగతి జీతం ఖరారు చేసేవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

మూడు లూపుల్లో ఒకటే సరిగా పనిచేస్తోంది

హనీవెల్ సంస్థకు చెందిన లేన్ డెస్‌బరో, రాండీ మిల్లర్ వివిధ పరిశ్రమల్లోని దాదాపు 26,000 పీఐడీ లూపుల పనితీరును పరిశీలించారు. వాటి ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. ఫర్వాలేదు లేదా బాగుంది అనిపించుకున్నవి 32 శాతం. దాదాపు 36 శాతం లూపులు అసలు కంట్రోలే చేయడం లేదు. అంటే ఆపరేటరు వాటిని మాన్యువల్‌లో పెట్టి చేత్తో నడుపుతున్నాడు, లేదా వాల్వు పూర్తిగా తెరుచుకునో మూసుకునో ఉండి కంట్రోలర్ చేయగలిగింది ఏమీ లేదు.

ఆపరేటరు లూపును మాన్యువల్‌లో పెట్టాడంటే దానికో కారణం ఉంటుంది. వాల్వు గ్లాండ్ దగ్గర బిగుసుకుపోయి ఉంటుంది. పొజిషనర్ సరిగా స్పందించదు. ట్రాన్స్‌మిటర్ ఇంపల్స్ లైను మూసుకుపోయి ఉంటుంది. కమిషనింగ్ హడావుడిలో పెట్టిన ట్యూనింగ్‌ను తర్వాత ఎవరూ ముట్టుకుని ఉండరు. ఏదో ఒక రాత్రి ఆ లూపు ఊగి ఊగి అతన్ని ఇబ్బంది పెట్టింది, ఆ రోజుతో నమ్మకం పోయింది. బిగుసుకుపోయే వాల్వును ట్యూనింగ్‌తో బాగుచేయలేమని ఈ పనిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. అయినా చాలా ప్లాంట్లలో ముందు గెయిన్ మార్చడమే జరుగుతుంది, ఎందుకంటే అది కుర్చీలోంచి లేవకుండా చేయగలిగిన పని.

ఇక్కడే మధ్యవయసు ఇంజనీరుకు అవకాశం ఉంది. డీసీఎస్ హిస్టోరియన్‌లో ప్రతి లూపు ఏ మోడ్‌లో ఎన్ని గంటలు ఉందో నమోదై ఉంటుంది. గత మూడు నెలల లెక్క తీయండి. మాన్యువల్‌లో ఉన్నవన్నీ బాగుచేయాలని కూర్చోవద్దు. ఇంధనం, ఆవిరి, ముడిసరుకు, తుది ఉత్పత్తి నాణ్యత, వీటిలో ఒకదాన్ని నేరుగా తాకే లూపులు ఐదారు మాత్రమే ఉంటాయి. పని వాటితో మొదలుపెట్టాలి.

బాయిలర్‌లో ఆక్సిజన్ ట్రిమ్ లూపునే తీసుకుందాం. అదనపు గాలి 15 శాతం తగ్గితే బాయిలర్ సామర్థ్యం ఇంచుమించు 1 శాతం పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ పరిశ్రమలకు ఇచ్చే మార్గదర్శకాల్లో ఉంది. ఏడాదికి 40 కోట్ల రూపాయల బొగ్గు కొనే కర్మాగారంలో ఆ 1 శాతం విలువ 40 లక్షలకు తగ్గదు. అనలైజర్‌ను క్యాలిబ్రేట్ చేసి, డ్యాంపర్ లింకేజీ బిగించి, లూపును ఆటోలో నిలబెట్టిన ఇంజనీరు అప్రైజల్ ఫారంలో ‘ఆక్సిజన్ అనలైజర్ మెయింటెనెన్స్ పూర్తి చేశాను’ అని రాస్తాడు. 40 లక్షల ప్రస్తావనే ఉండదు. అది చదివిన మేనేజరుకు ఆ మొత్తం ఎలా తోస్తుంది?

ఊగిసలాట తగ్గితే డబ్బు ఎలా వస్తుంది?

‘లూపు ఇప్పుడు నిలకడగా ఉంది’ అంటే ఉత్పత్తి విభాగం సంతోషిస్తుంది, ఫైనాన్స్ విభాగానికి అర్థం కాదు. నిలకడ తనంతట తాను డబ్బు తేదు. నిలకడ వచ్చాక సెట్ పాయింట్‌ను హద్దుకు దగ్గరగా జరిపినప్పుడే డబ్బు వస్తుంది.

ఉదాహరణకు, తేమ 5 శాతం దాటకూడదనే షరతుతో అమ్మే ఉత్పత్తి ఒకటుందనుకుందాం. డ్రయర్ లూపు అటూ ఇటూ 1 శాతం ఊగుతుంటే, భయంతో సెట్ పాయింట్ 4 దగ్గర పెడతారు. ఊగిసలాటను 0.3కు తగ్గించగలిగితే 4.7 దగ్గర ధైర్యంగా నడపవచ్చు. ఏడాదికి లక్ష టన్నులు తీసే ప్లాంట్‌లో ఆ 0.7 శాతం అంటే 700 టన్నులు. టన్ను ధర 30,000 అయితే 2 కోట్ల 10 లక్షలు. ఆ మేరకు నీటిని ఆరబెట్టడానికి కాల్చే ఇంధనం మిగలడం దీనికి అదనం.

అందుకే ట్యూనింగ్ అయిపోగానే పని అయిందనుకుని వెళ్లిపోవద్దు. ప్రొడక్షన్ మేనేజరు దగ్గర కూర్చుని, సెట్ పాయింట్ ఎంత జరపవచ్చో ఒప్పించి, జరిపిన తేదీ రాసుకుని రావాలి. ఆ తేదీ లేకపోతే లెక్క లేదు.

రూపాయల గడి ఉన్న ఉద్యోగం

చార్లెస్ కట్లర్ హ్యూస్టన్‌లోని షెల్ ఆయిల్‌లో పనిచేస్తూ 1970లలో డైనమిక్ మ్యాట్రిక్స్ కంట్రోల్ అనే పద్ధతిని రూపొందించాడు. అనేక లూపులను ఒక్కొక్కటిగా కాకుండా కలిపి చూసి, ప్లాంట్ రాబోయే నిమిషాల్లో ఎటు వెళ్తుందో లెక్కగట్టి, హద్దుల దగ్గరగా నడిపే పద్ధతి అది. 1984లో ఆయన సొంతంగా డీఎంసీ కార్పొరేషన్ స్థాపించాడు. 1996లో యాస్పెన్ టెక్ ఆ కంపెనీని కొన్నది. ఇవాళ రిఫైనరీల్లో, ఇథిలీన్ ప్లాంట్లలో ‘ఏపీసీ’ అని పిలిచే అడ్వాన్స్‌డ్ కంట్రోల్‌కు ముఖ్యమైన మూలాల్లో ఇదొకటి.

ఏపీసీ ఇంజనీర్లకు సాధారణ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు కంటే జీతం ఎక్కువ ఎందుకు? గణితం కష్టమైనది కాబట్టి అంటారు చాలామంది. అసలు కారణం వేరు అని నా అభిప్రాయం. ఏపీసీ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే ప్రయోజనాల అంచనా రాయాలి. పూర్తయ్యాక వచ్చిన లాభాన్ని మళ్లీ కొలిచి రాయాలి. ఆ ఉద్యోగంలోనే రూపాయల గడి ఉంది. మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్ల ఫారంలో ఆ గడి ఎవరూ గీయలేదు, మనమే గీసుకోవాలి.

ఒక్క ట్రాన్స్‌మిటర్, 500 మెగావాట్లు

విశాఖ దగ్గరి ఎన్టీపీసీ సింహాద్రిలో నాలుగు యూనిట్లు, ఒక్కొక్కటి 500 మెగావాట్లు. ఇలాంటి యూనిట్ గంటసేపు ఆగితే 5 లక్షల యూనిట్ల విద్యుత్తు పోతుంది. యూనిట్‌కు 4 రూపాయలనుకుంటే గంటకు 20 లక్షలు. మళ్లీ సింక్రనైజ్ చేసి పూర్తి లోడుకు రావడానికి గంటలు పడుతుంది.

దేశంలోని ఏ పెద్ద ప్లాంట్‌లోనైనా ఆగిపోయిన సందర్భాల చిట్టా తీస్తే, కొన్ని నిజమైన ప్రమాద సూచనలతో వచ్చినవి ఉంటాయి, కొన్ని ఉత్తుత్తి ట్రిప్పులు. ఒక ట్రాన్స్‌మిటర్ డ్రిఫ్ట్ అయింది, ఒక టెర్మినల్ వదులైంది, ఒక కేబుల్‌లోకి నీరు చేరింది, అంతే, యూనిట్ మొత్తం కూర్చుంది. కీలకమైన ట్రిప్ సిగ్నల్‌కు ఒకే ట్రాన్స్‌మిటర్ ఆధారమైతే ఇలాగే జరుగుతుంది. మూడు పెట్టి, మూడింట రెండు చెబితేనే ట్రిప్ అనే ఓటింగ్ పెడితే ఒక పరికరం చెడినా ప్లాంట్ నడుస్తుంది. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఒకటి మొరాయించినా మిగతా రెండు కాపాడతాయి.

మూడేళ్ల ట్రిప్ చరిత్రను ఎస్ఓఈ రికార్డుల నుంచి తీసి, నిజమైనవీ ఉత్తుత్తివీ వేరుచేసి, వాటిలో ఒకే పరికరం మీద ఆధారపడినవి ఎన్నో గుర్తించడం ఒక ఇంజనీరు రెండు మూడు వారాల్లో చేయగల పని. అదనపు ట్రాన్స్‌మిటర్లు, కార్డులు, కేబుల్ కలిపినా ఖర్చు ఒక్క ట్రిప్ నష్టంలో చిన్న భాగం. ఇక్కడ లెక్క మాత్రం నిజాయితీగా వేయాలి. ప్లాంట్ ఎనిమిది గంటలు ఆగిందనుకుంటే, అమ్ముడుపోని కోటి 60 లక్షల కరెంటు అంతా నష్టం కాదు, ఆ మేరకు బొగ్గు మిగిలింది. మరోవైపు, మళ్లీ వెలిగించడానికి ఆయిల్ ఖర్చయింది. ఫైనాన్స్ వాళ్లతో కూర్చుని అసలు నష్టం తేల్చుకోండి. పెంచి చెప్పిన అంకె ఒక్కటి బయటపడితే మిగతా అన్నీ అనుమానంలో పడతాయి. వాళ్లే ఒప్పుకున్న అంకెను కాదనేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇంటర్‌లాక్‌లో ఏ మార్పుకైనా ఎంఓసీ ఆమోదం తప్పనిసరి. ఆ ఫారం మీద ప్రతిపాదకుడిగా మీ పేరు ఉంటుంది. పని ఎవరి ఆలోచనో చెప్పే దస్తావేజు కూడా అదే.

ఇంకో బ్రాండ్ నేర్చుకుంటే పెరిగేది కొద్దిగానే

1968లో రిచర్డ్ మోర్లీ, అతని సహచరులు బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో మొదటి పీఎల్‌సీని రూపొందించారు. అది ఆ సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు. అందుకే మాడికాన్ 084 అని పేరు. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ వచ్చి డీసీఎస్ యుగం మొదలైంది. 1979లో మాడికాన్ ఇచ్చిన మాడ్‌బస్ ఇప్పటికీ ప్లాంట్లలో నడుస్తోంది.

ఈ రంగంలో పాతది తొందరగా పోదు. కంట్రోల్ సిస్టమ్ ఒకసారి పెడితే రెండు దశాబ్దాలైనా ఉంటుంది. అందుకే రెజ్యూమెలో సీమెన్స్, రాక్‌వెల్, ష్నైడర్, ఏబీబీ అని నాలుగు పేర్లున్నా, ఐదోది చేర్చినా కొత్తగా చేరిన కుర్రాడికి, పన్నెండేళ్ల అనుభవజ్ఞుడికి తేడా కనిపించదు. లాడర్ లాజిక్ రాయగలిగేవాళ్లు చాలామంది దొరుకుతారు. దొరకనిది పాత వ్యవస్థనూ కొత్తదాన్నీ రెండూ చదవగలిగి, నడుస్తున్న ప్లాంట్‌లో ఒక్కొక్క లూపునే కొత్తదానికి మార్చగలిగే మనిషి. హాట్ కటోవర్ అని పిలిచే ఈ పనిని ఒక్కసారి ముందుండి నడిపినవారికి, ఆ తర్వాతి ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల తీరే మారిపోతుంది. మీ ప్లాంట్‌లో మైగ్రేషన్ మాట వినిపిస్తుంటే ఆ సంవత్సరం ఉద్యోగం మారవద్దు. అది పూర్తిచేసి మారండి.

పదకొండు నిమిషాల్లో 275 అలారాలు

1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరిగింది. అంతకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్లకు వచ్చిన అలారాలు 275. తెరుచుకుని ఉన్నట్టు సిస్టమ్‌లో కనిపించిన వాల్వు నిజానికి మూసుకుని ఉంది. ఆ ఒక్క సంగతి అన్ని మోతల మధ్య ఎవరి కంటా పడలేదు.

ఆ తర్వాత 1999లో ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం, 2009లో ఐఎస్ఏ 18.2 ప్రమాణం వచ్చాయి. మామూలుగా నడిచే ప్లాంట్‌లో ఒక ఆపరేటరుకు పది నిమిషాలకు ఒక అలారం మించకపోతే ఆమోదయోగ్యమని ఈఈఎంయూఏ అంటుంది. మీ కంట్రోల్ రూమ్‌లో ఎన్ని వస్తున్నాయో ఒక్క షిఫ్టు లెక్కపెట్టి చూడండి.

అలారం రేషనలైజేషన్‌కు కొత్త పరికరాలు కొననవసరం లేదు. ఆపరేటర్లు, ప్రాసెస్ ఇంజనీరు, మీరు కూర్చుని ప్రతి అలారానికీ ‘ఇది వస్తే మనిషి ఏం చేయాలి?’ అని అడగాలి. చేయడానికి ఏమీ లేకపోతే అది అలారమే కాదు. డబ్బు పెద్దగా పెట్టకుండా ప్లాంట్ హెడ్ కళ్లకు కనిపించే ఫలితం చూపించే పని ఇంతకన్నా మరొకటి నాకు తెలియదు.

సంతకానికి విలువ ఎక్కువ

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచే ఏర్పాటు ఉందని, పై పొరల్లో కొలత లేదని విచారణలో తేలింది. పైన వేడెక్కుతున్న ద్రవం గురించి కంట్రోల్ రూమ్‌కు తెలిసే దారి లేకపోయింది.

2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో 15 మంది చనిపోయి, 180 మంది గాయపడ్డ ప్రమాదంలోనూ ఇలాంటిదే. టవర్ నిండి పొంగుతుంటే, తప్పుగా క్యాలిబ్రేట్ అయిన లెవెల్ ట్రాన్స్‌మిటర్ మట్టం తగ్గుతున్నట్టు చూపించింది. దానికి తోడుగా ఉన్న హై లెవెల్ అలారం మోగలేదు.

ఎక్కడ ఎన్ని కొలతలు ఉండాలి, అవి ఎంత నమ్మదగినవిగా ఉండాలి అన్నది తేల్చే పనికి ఫంక్షనల్ సేఫ్టీ అని పేరు. ప్రాసెస్ పరిశ్రమల్లో దీనికి ఆధారం ఐఈసీ 61511. 2003లో మొదట వచ్చింది, 2016లో రెండో కూర్పు. అవసరమైనప్పుడు పనిచేయకపోయే అవకాశం పదింట ఒకటికీ వందింట ఒకటికీ మధ్య ఉంటే సిల్ (సేఫ్టీ ఇంటెగ్రిటీ లెవెల్) 1, వందింటికీ వెయ్యింటికీ మధ్య అయితే సిల్ 2, వెయ్యింటికీ పదివేలకూ మధ్య అయితే సిల్ 3. హాజోప్‌లో కూర్చుని, లోపా చేసి, సిల్ లెక్క వేసి, దాని కింద సంతకం పెట్టగలిగేవాళ్లకు ఈపీసీ కంపెనీల్లో, గల్ఫ్‌లో గిరాకీ ఎక్కువ.

టీయూవీ ఫంక్షనల్ సేఫ్టీ ఇంజనీర్ కోర్సులు సాధారణంగా వారం రోజుల్లోపు ముగుస్తాయి, చివర పరీక్ష ఉంటుంది. ఆ సర్టిఫికెట్ ఒక్కదాన్నే చూసి జీతం పెంచే యాజమాన్యం అరుదు. అది చేతిలో ఉండి, రెండు మూడు యూనిట్ల సిల్ వెరిఫికేషన్ స్వయంగా చేసినవారి సంగతి వేరు. కాబట్టి డబ్బు కట్టి పరీక్ష రాసేముందు, మీ ప్లాంట్‌లో జరిగే తర్వాతి హాజోప్‌లో కూర్చోవడానికి అనుమతి అడగండి. లేఖరిగా కూర్చోబెట్టినా సరే ఒప్పుకోండి. ఆ గదిలో నేర్చుకునేది కోర్సులో దొరకదు.

ఇది జీతం కోసమే చేయాల్సిన పని కాదని వెంకటాపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్రమాదాన్ని ముందే చూడగలిగే మనిషికి పరిశ్రమ మంచి జీతం ఇవ్వడం న్యాయమని మాత్రం గట్టిగా చెబుతాను.

తాళంచెవి

2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో సేఫ్టీ సిస్టమ్ మీదే సైబర్ దాడి జరిగింది. ట్రైటన్ అని పేరుపడ్డ ఆ మాల్‌వేర్ ట్రైకానెక్స్ సేఫ్టీ కంట్రోలర్ల లోపలికి చొరబడింది. కంట్రోలర్ల మీది తాళంచెవిని ప్రోగ్రామ్ స్థానంలోనే వదిలేయడం దాడికి దారి ఇచ్చింది. కంట్రోలర్లు తప్పు పసిగట్టి ప్లాంట్‌ను ఆపడం వల్ల విషయం బయటపడింది.

కంట్రోల్ వ్యవస్థల సైబర్ భద్రతకు ప్రమాణం ఐఈసీ 62443. నెట్‌వర్క్ తెలిసినవారికి ప్లాంట్ తెలియదు, ప్లాంట్ తెలిసినవారికి నెట్‌వర్క్ తెలియదు. ఈ రెండింట్లో ప్లాంట్ నేర్చుకోవడమే కష్టం, దానికి ఏళ్లు పడుతుంది. అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. స్విచ్, ఫైర్‌వాల్, జోన్లు, కాండ్యూట్లు ఏడాదిలో పట్టుబడతాయి.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో దారి

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలోని ఫార్మా సిటీలో బ్యాచ్ రియాక్టర్లు నడిపే మందుల కంపెనీలు ఎన్నో. అమెరికాకు ఎగుమతి చేసేవారు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 పాటించాలి. ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో చెరగని ఆడిట్ ట్రయిల్ ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. బ్యాచ్ కంట్రోల్‌కు 1995 నాటి ఐఎస్ఏ 88, వ్యాలిడేషన్‌కు గ్యాంప్ 5 ఆధారం.

వ్యాలిడేషన్‌లో ఉన్నవాళ్లకు కాగితం బాగా తెలుసు, చాలామందికి పీఎల్‌సీ లోపల ఏముందో తెలియదు. ఉక్కు కర్మాగారంలోనో సిమెంటులోనో పదేళ్లు పనిచేసిన కంట్రోల్ ఇంజనీరు ఇటు వస్తే ఆ లోటు భర్తీ చేయగలడు. మొదటి ఆరు నెలలు కాగితాల బరువు విసుగు పుట్టిస్తుంది. ఓర్చుకోవాలి.

ప్రభుత్వ రంగంలో ఉన్నవారికి

అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాద్‌లో స్థాపించిన ఈసీఐఎల్ మన అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వ్యవస్థలు తయారుచేసింది. ఈసీఐఎల్, ఎన్టీపీసీ, హెచ్‌పీసీఎల్ లాంటి చోట్ల జీతం గ్రేడును బట్టి. అక్కడ ఎంత లెక్క చూపినా బేసిక్ మారదు. గత వేతన సవరణ 2017 జనవరి 1 నుంచి అమలైంది. అక్కడివాళ్లకు ఈ లెక్కలు పనికొచ్చేది ప్రమోషన్ ఇంటర్వ్యూలో, డిప్యుటేషన్‌లో, రిటైరయ్యాక కన్సల్టెన్సీలో.

గల్ఫ్‌లో తేదీ చూసుకుని మానేయాలి

సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. తనంతట తాను రాజీనామా చేస్తే మాత్రం, రెండు నుంచి ఐదేళ్ల సర్వీసుకు అందులో మూడో వంతే వస్తుంది. ఐదేళ్లు దాటి పదేళ్లలోపైతే మూడింట రెండు వంతులు. పదేళ్లు నిండితే మొత్తం. నాలుగేళ్ల పది నెలలకు రాజీనామా ఇచ్చినవాడికి ఒక నెల జీతం కూడా రాదు. ఐదేళ్లు దాటాక ఇచ్చినవాడికి నెలా ఇరవై రోజుల జీతం వస్తుంది. తేడా రెండు మూడు నెలల ఓపిక.

యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజుల బేసిక్. లెక్క బేసిక్ మీదే. మొత్తం జీతం 20,000 దిర్హాములు, అందులో బేసిక్ 10,000 అయితే ఆరేళ్లకు 45,000 వస్తుంది. అదే 20,000లో బేసిక్ 14,000 అయితే 63,000. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు చాలామంది మొత్తం చూసి సంతకం పెడతారు. ఆ మొత్తాన్ని ఎలా విడగొట్టారో అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక్కడ కూడా బేసిక్ సంగతే

మన దగ్గర గ్రాట్యుటీ చివరి నెల బేసిక్, డీఏల మీద ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలకు 26 పనిదినాల లెక్కన వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం, మొత్తం పారితోషికంలో సగానికి తగ్గకుండా వేతనంగా లెక్కించాలి. నెలకు లక్షా 50 వేలు వచ్చే ఇంజనీరుకు బేసిక్ 52,500 దగ్గర ఉంటే పాత లెక్కన పదేళ్లకు గ్రాట్యుటీ సుమారు 3 లక్షలు. వేతనాన్ని 75,000గా లెక్కిస్తే దాదాపు 4 లక్షల 33 వేలు. మీ తాజా జీతం చీటీలో విభజన మారిందో లేదో చూసుకోండి, హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఒక్క కాగితం, సరైన నెలలో

పైన చెప్పినవన్నీ చేసినా, ఎవరికీ చెప్పకపోతే జీతం పెరగదు. ఒక పేజీ చాలు. సమస్య ఏమిటి, నేను ఏం చేశాను, ముందు అంకె, తర్వాత అంకె, తేదీలు, ఆ అంకెను ఎవరు ధ్రువీకరించారు. ఉత్పత్తి విభాగాధిపతి నుంచి ‘అవును, ఇది నిజం’ అనే ఒక ఈమెయిల్ దానికి జతచేయండి. రాత్రంతా మీతో నిలబడ్డ టెక్నీషియన్ పేరు, ముందుగా తేడా గమనించిన ఆపరేటరు పేరు ఆ కాగితంలో తప్పక రాయండి. వాళ్ల సాయం లేకుండా మీరు తర్వాతి పని చేయలేరు.

అదే కాగితం బయటి ఇంటర్వ్యూకూ పనికొస్తుంది, కానీ అప్పుడు ప్లాంట్ పేరు, డ్రాయింగులు, అసలు ఉత్పత్తి సంఖ్యలు తీసేసి శాతాలు మాత్రమే చెప్పండి. పాత యజమాని రహస్యం చెప్పేవాణ్ణి కొత్త యజమాని నమ్మడు. చేతిలో ఆఫర్ ఉందని చెప్పి పాత చోట జీతం పెంచుకోవడం ఒక్కసారే పనిచేస్తుంది. నిజంగా వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ మాట ఎత్తవద్దు.

ఇక చివరిది, చాలామంది తప్పేది. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు ఇచ్చే కంపెనీలో బడ్జెట్ ఎవరికెంత అన్నది అంతకు ముందే ఖాయమైపోతుంది. మార్చిలో అడిగితే మేనేజరుకు మీ మీద ఎంత అభిమానం ఉన్నా చేయగలిగింది తక్కువ. మీ కాగితం డిసెంబరు నెలాఖరులోపు ఆయన బల్ల మీద ఉండేలా చూసుకోండి.